పని వాటా

“ఆకుకూర బాగుచేయడం కూడా ఒక పనేనా అమ్మాయ్, కూర్చుని చేసేదే కదా” అన్నారు మా అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా.

నేను వంటింట్లో నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాను. చుట్టూ మూడు బేసిన్లు. మొదటి దాంట్లో నానబెట్టిన పాలకూర, దాని అడుగున వేలెడు మట్టి. రెండో దాంట్లో ఒకసారి జాడించింది, మూడో దాంట్లో రెండుసార్లు జాడించింది. మూడో బేసిన్లో నీళ్ళు కూడా ఇంకా తేటపడలేదు. ఆ సంగతి నాకు చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే నీళ్ళు తేటగా ఉన్నాయా లేదా అని చూడడమే నా ఉద్యోగం. వారానికి అయిదు రోజులు నీటి సరఫరా ఆఫీసు ల్యాబులో సీసాలు వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తాను. ఆరో రోజు ఇంట్లో బేసిన్లు చూసుకుంటాను. మొదటిదానికి జీతం ఇస్తారు. రెండోదానికి, ఇదిగో, ఇలాంటి మాటలు వినే భాగ్యం.

ఇదంతా మావారి ఆదర్శం వల్ల వచ్చింది. ఊరి చివర ఒక తోట ఉంది. సీజను మొదట్లో అక్కడ వాటా తీసుకుంటే వారం వారం ఒక పెట్టె ఇస్తారు. ఏం కావాలో మనం అడగకూడదు, ఆ వారం తోటలో ఏది పండితే అదే పెట్టెలో ఉంటుంది. “మనం కోరింది తినడం కాదు, మట్టి ఇచ్చింది తినాలి” అని మావారు అందరికీ చెబుతారు. మట్టి ఒక్కోసారి మూడు వారాలు వరసగా ముల్లంగే ఇస్తుంది. రెండో వారానికే ఆయన కంచం పక్కకి నెట్టి “మళ్ళీ ఇదేనా, కాస్త వెరైటీగా చేయడం నేర్చుకోవచ్చుగా” అంటారు. మట్టిని మాత్రం ఏమీ అనరు.

మా అపార్టుమెంటువాళ్ళ ఫోన్ గ్రూపులో ఆయన పేరు ‘పొలం సారు’. దూరం నుంచి లారీల్లో వచ్చిన సరుకు ఎందుకు కొనకూడదో, మన చుట్టుపక్కల రైతుని మనం ఎందుకు బతికించుకోవాలో వారానికి రెండుసార్లు రాస్తారు. అందులో తప్పేమీ లేదు, నిజాలే రాస్తారు. శనివారం పెట్టె రాగానే దాన్ని కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీస్తారు. ఒకసారి నేను బీట్‌రూట్ కడుగుతుంటే మోచేతుల వరకు ఫోటో తీసి ‘మా చేతుల మట్టి, మా పిల్లల ఆరోగ్యం’ అని పెట్టారు. చేతులు నావి. ఉన్న ఒక్క అమ్మాయీ హాస్టల్లో తింటోంది. అరవై మంది దండం బొమ్మలు పెట్టారు.

ఆదివారం సంతకి మాత్రం ఆయనే వస్తారు, అది చూడాలి. రైతులు నేరుగా బల్లలు వేసుకుని అమ్ముకునే సంత అది, మా తోటవాళ్ళ బల్ల కూడా అక్కడే ఉంటుంది. భుజాన గుడ్డసంచీ, తలకి టోపీ. ప్రతి బల్ల దగ్గరా ఆగి “మందులు కొట్టలేదు కదా?” అని అడుగుతారు, తనకేదో వాసన తెలిసినట్టు ఆకు నలిపి చూస్తారు, మన రైతుని మనమే బతికించుకోవాలి అన్న నోటితోనే బేరం ఆడతారు. గుడ్డసంచీ ఆయన భుజాన ఖాళీగా ఊగుతుంటుంది. నిండిన సంచులు నా రెండు చేతుల్లో ఉంటాయి.

ఇక శనివారం సంగతి. “వాటాదారులందరికీ ఒక రూలు ఉంది. ప్రతి ఇంటి నుంచి ఒకరు వారానికి నాలుగు గంటలు తోటలో పనిచేయాలి. మనకి శనివారం పడింది” అన్నారు రెండేళ్ళ కిందట. ఒకరు అంటే ఎవరో మా ఇంట్లో వేరే చెప్పుకోనక్కర్లేదు. ఆయనకి నడుం నొప్పి. ఆ నడుం వారానికి ఒకరోజు షటిల్ ఆడుతుంది, అది వ్యాయామం. మోస్తేనే నొప్పి. సరేలే, అందరూ చేస్తున్నప్పుడు నేనొక్కదాన్నే పెద్ద గొప్పేంటి అనుకుని ఏడున్నరకల్లా తోటలో రేకుల షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాను.

పనేమిటంటే, కోసుకొచ్చిన కూరలు బల్లల మీద పోస్తారు. కట్టలు కట్టాలి, పుచ్చులు ఏరాలి, రెండు వందల పెట్టెల్లో బరువైనవి కిందా మెత్తనివి పైనా సర్దాలి. ఇరవై మంది దాకా ఉంటాం, అందరం ఆడవాళ్ళమే. తోట నడిపే ఆవిడని అందరం పెద్దక్క అంటాం. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉంటుంది, పొగడడం అలవాటు లేని మనిషి. మూడో నెలలో ఒకరోజు నేను కట్టిన కొత్తిమీర కట్టల వరస చూసి “నీ చెయ్యి మంచిది చెల్లీ, నీ పెట్టెల మీద ఒక్క ఫిర్యాదు రాదు” అంది. ఆ మాట చిన్నదే. కానీ నేను బస్సులో ఇంటికి వచ్చేదాకా దాన్నే తలుచుకున్నాను. పద్దెనిమిదేళ్ళ సంసారంలో నా చెయ్యి మంచిదని ఎవరూ అనలేదు. ఉప్పు ఎక్కువైందని అన్నారు, చెయ్యి పెద్దదని అన్నారు. అందుకని, నిజం చెప్పాలంటే, ఆ షెడ్డు నాకు నచ్చింది. అక్కడి జోకులు నచ్చాయి. మొగుళ్ళ మీద వేసుకునే జోకులు కూడా. అది ఒప్పుకోకపోతే ఈ కథంతా అబద్ధమవుతుంది.

కానీ శనివారం నాకు వేరే పని ఉండేది. మా ఆఫీసులో సీనియర్ అనలిస్టు పోస్టుకి ఏడాదికోసారి పరీక్ష పెడతారు. నలభై అయిదు నిండితే రాయనివ్వరు. శనివారాలు ఎనిమిది నుంచి పన్నెండు దాకా యూనియన్ హాల్లో దానికి క్లాసులు చెబుతారు. కిందటేడు నాకు నలభై మూడు. క్లాసులకి వెళ్తాను, తోట పనికి రోజు మార్పించండి అని మావారిని అడిగాను. “రూలంటే రూలే, నేనేం చేయను? మన ఒక్కళ్ళ కోసం మారుస్తారా” అన్నారు. పెద్దక్కని నేనే అడగాలని నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. వాటా ఆయన పేరున ఉంది, మాట్లాడేది ఆయన, అంతే. షెడ్డులో అందరూ ‘పని వాటావాళ్ళం’ అని చెప్పుకుంటుంటే ప్రతి వాటా పని వాటాయే అనుకున్నాను. ఊరి నీళ్ళన్నీ పరీక్ష చేసేదాన్ని, మొగుడి మాట పరీక్ష చేయలేదు.

క్లాసులు లేకుండానే, నోట్సులు అడుక్కుని, బస్సుల్లో చదివి రాశాను. నాలుగు మార్కుల్లో పోయింది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు, మొదటిరోజు పిపెట్టు ఎలా పట్టుకోవాలో నేను చూపించినవాడు, ప్యాసయి నాకు పై అధికారి అయ్యాడు. మంచివాడే పాపం. “మేడమ్, మీరు చేసిన రిపోర్టు మీద నేను సంతకం పెట్టడమేంటో నాకే సిగ్గుగా ఉంది” అని చెబుతూనే పెడతాడు. శాఖాధికారి అయితే అందరి ముందూ “ఇంటి బాధ్యతలున్న ఆడవాళ్ళకి ఈ పరీక్షలు కష్టమేనమ్మా, మీరేం బాధపడకండి. మీ తోట బెండకాయలు మాత్రం భలే ఉంటాయి, సోమవారం కాసిని తెచ్చిపెట్టండి” అన్నాడు. తెచ్చిపెట్టాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మావారేమో “పోనీలే, ఈ వయసులో నీకెందుకీ చదువులు, ఉన్న ఉద్యోగం చాల్లే” అని ఓదార్చారు. నేను ఆ రాత్రి ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ భుజమే.

ఈ ఏడు నాకు నలభై నాలుగు నిండాయి. ఇదే ఆఖరి అవకాశం.

మొన్న శనివారం పెట్టెలన్నీ సర్దాక పెద్దక్క బల్ల మీద ఒక ఫైలు పెట్టుకుని కొత్త సీజను కాగితాలు తీస్తోంది. నన్ను పిలిచి “ఈసారీ పని వాటాయేనా చెల్లీ, మామూలు వాటాకి మారతారా?” అని అడిగింది.

“మామూలు వాటా అంటే?”

పెద్దక్క నన్ను అదోలా చూసింది. “పెట్టె తీసుకుపోయి తినడమే. పనికి రానక్కర్లేదు. రెండు వందల మందిలో పని వాటాలు మీ ఇరవై మందివే. పనిచేస్తారు గనక మీకు సగం ధర. రెండేళ్ళ నుంచీ చేస్తున్నావు, తెలియదా?”

నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడే ఫైల్లోంచి మా కాగితం తీసి నా ముందు పెట్టింది. అక్షరాలు మావారివి, గుండ్రంగా, ముచ్చటగా. వాటాదారు పేరు దగ్గర ఆయన పేరు. వాటా రకం దగ్గర ‘పని వాటా’ మీద టిక్కు. కారణం దగ్గర ‘నేలతో అనుబంధం కోసం’ అని రాశారు. ‘పనికి వచ్చే వ్యక్తి, అందుబాటు’ అన్నచోట ఇలా ఉంది: ‘నా భార్య. శనివారాలు ఖాళీగానే ఉంటుంది.’ దాని కింద నా సంతకం కూడా ఆయనే పెట్టేశారు.

ఖాళీగానే ఉంటుంది. అప్పటికి నేను వారమంతా ఉద్యోగం చేసి, శనివారం ఉతుకుడూ, అత్తగారి మందులూ, వారానికి సరిపడా సర్దుడూ చేసుకునేదాన్ని. అందులోంచి నాలుగు గంటలు పరీక్ష కోసం ఎలా చీల్చుకోవాలా అని లెక్కలేసుకుంటున్న రోజులవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ పెళ్ళాం రెక్కలు తాకట్టు పెట్టి మొగుడు ఆదర్శం కొనుక్కున్నాడు, అదీ సగం ధరకి. నాకు కోపం రాలేదు ముందు. సిగ్గేసింది. ఇంతమంది ఆడవాళ్ళ మధ్య నా చెవిలో పువ్వు పెట్టుకుని రెండేళ్ళు తిరిగినందుకు సిగ్గేసింది.

“నా పేరు తీసేసి ఆయన పేరు రాయొచ్చా అక్కా, పనికి వచ్చే మనిషి దగ్గర?”

“ఇంట్లోంచి ఎవరొచ్చినా ఒకటే నాకు. రెండు చేతులుంటే చాలు.” పెన్ను నా చేతికి ఇచ్చి అంది. “ఇరవై పని వాటాలకీ కాగితం రాసింది మగవాళ్ళే. ఇన్నేళ్ళలో షెడ్డులోకి ఒక్క మగవాడు రావడం చూళ్ళేదు నేను. చూద్దాం.”

ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను. అరవలేదు. కాగితంలో ఉన్నదున్నట్టు చదివినట్టు చెప్పాను. తేలు కుట్టినట్టు ఉలిక్కిపడతారనుకున్నాను. ఆయన టీవీ శబ్దం కొంచెం తగ్గించారు, అంతే.

“సగానికి వస్తుంటే ఎవరైనా వదులుకుంటారా? మిగిలింది మన ఇంటికే కదా. నీది, నాది అని ఏముంది ఇందులో?”

“పనికి నన్ను పంపేటప్పుడు నన్ను అడగాలి కదా.”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకునేదాన్ని కాదు.”

“మరి?” అన్నారు, వాదం గెలిచేసినట్టు. తర్వాత కొంచెం మెత్తగా, “నువ్వే కదా అన్నావు, అక్కడ బావుంటుందని, ఆవిడెవరో నీ చెయ్యి మంచిదందని. నీకూ కాలక్షేపంగా ఉంటుందనే పెట్టాను” అన్నారు.

అది గోరుచుట్టు మీద రోకటి పోటు. నాకు నచ్చిన ఒక్కదాన్నీ తన ఖాతాలో వేసుకున్నారు. ఆ షెడ్డులో నేను నవ్విన నవ్వులు కూడా ఆయన దయే అన్నమాట. ఆ మాట కంటే ఆ సంతకమే నయమనిపించింది.

“పరీక్ష పోయింది నాకు” అన్నాను.

“నాలుగు మార్కులకి తోట ఏం చేస్తుంది? చదవాలనుకున్నవాళ్ళు ఎలాగైనా చదువుతారు.”

అత్తగారు తన గదిలోంచి అందుకున్నారు. “మొగుడు కూరగాయల పెట్టె తెస్తే తగువాడే ఇల్లాలిని ఎక్కడా చూళ్ళేదమ్మా. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.”

“వచ్చే శనివారం నుంచి నాకు క్లాసులు. తోటకి మీరు వెళ్ళాలి. కాగితంలో మార్పించాను” అన్నాను. ఆయన నవ్వి “చూద్దాంలే” అన్నారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నాలుగు రోజులు మూతి ముడుచుకుంటుంది, అయిదో రోజు తనే వెళ్తుంది అని దానర్థం. పద్దెనిమిదేళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పు ఆయన లెక్కది కాదు, నాది. ప్రతి అయిదో రోజూ నేనే వెళ్ళాను.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు ఆఫీసు నుంచి వస్తూ యూనియన్ హాల్లో ఫీజు కట్టి పుస్తకాలు తెచ్చుకున్నాను. భయంగానే ఉంది. దొంగతనం చేసినట్టు సంచీని హాల్లో ఎవరికీ కనబడకుండా వంటింటి దారిన గదిలోకి తీసుకెళ్ళాను. చదువుతుంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. క్లోరిన్ మోతాదుల లెక్క, నేను రోజూ చేతులతో చేసే లెక్క, కాగితం మీద చూస్తే కొత్తగా కనబడింది. ఇప్పటికే ఆలస్యమైపోయిందేమో అనిపించింది. అయినా ఇంకో పేజీ తిప్పాను.

శనివారం పొద్దున చీర కట్టుకుని, పుస్తకాల సంచీ తగిలించుకుని హాల్లోకి వచ్చాను. ఆయన పేపరు చదువుతున్నారు. నన్ను ఎగాదిగా చూశారు.

“షెడ్డుకి ఈ చీరేంటి? బురద అంటుకోదూ?”

“షెడ్డుకి మీరు వెళ్ళాలి. ఏడున్నరకి. ఇప్పుడు ఏడుంపావు. మంచినీళ్ళ సీసా, తలకి గుడ్డ పట్టుకెళ్ళండి, రేకులు తొమ్మిదికే కాలతాయి. మొదట్లో కట్టలు కట్టమంటారు, రెండు మూడు వారాలకి చెయ్యి తిరుగుతుంది.”

“ఇదుగో, పొద్దున్నే నాటకాలాడకు. నా నడుం సంగతి తెలిసీ...”

“వాడు బురదలో కూర్చుని కూరలు కడగడమా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?” అన్నారు అత్తగారు.

“ఏమీ అనుకోరత్తయ్యా. కూర్చుని చేసేదే” అని చెప్పులేసుకున్నాను. వెటకారం కాదు, ఆ క్షణంలో నాకు వేరే మాట దొరకలేదు. గబగబా మెట్లు దిగాను. వెనక నుంచి పిలుస్తారేమో, పిలిస్తే ఆగిపోతానేమో అని నా భయం. పిలవలేదు.

బస్టాపులో ఉండగా ఫోన్ మోగింది. పెద్దక్క.

“చెల్లీ, మీ సారు ఇప్పుడే ఫోన్ చేశారు. వాటా రద్దు చేయమన్నారు. మామూలు వాటాకి మార్చనా అంటే పూర్తి ధర దండగ అన్నారు. నీకు తెలిసే అడుగుతున్నారా?”

“ఎప్పుడు చేశారు?”

“ఇందాకే, ఏడూ ఇరవై ఆరుకి. ఎందుకూ?”

నేను బస్టాపు బల్ల మీద కూర్చుండిపోయాను. నేల, రైతు, పిల్లల ఆరోగ్యం, భవిష్యత్తు. రెండేళ్ళు ఆ మాటల బరువుకి నా వీపు వంగింది. అవి నిజమని నేనూ నమ్మాను, ఆయన నన్ను మోసం చేసినా ఆ మాటలు మాత్రం నిజంగా నమ్మే చెబుతున్నారనుకున్నాను. అదొక్కటి మిగిలింది కదా అనుకున్నాను.

“నీ పేరున పెట్టమంటావా చెల్లీ? పెట్టె నాకు లెక్క కాదు, ఇంకో ఇల్లు వరసలో ఉంది. నీ చెయ్యి పోతోందనే నా బాధ.”

ఒక్క నిమిషం నోటిదాకా వచ్చింది, సరే పెట్టమని. ఆ షెడ్డు, ఆ కొత్తిమీర వాసన, ఆ ఇరవై మంది. “వద్దక్కా. నాకు శనివారం కావాలి. కూరలు ఆదివారం నీ బల్ల దగ్గరికి వచ్చి కొనుక్కుంటాను” అన్నాను.

“రా. మీ ఆయనలా బేరం ఆడకు” అని పెట్టేసింది.

యూనియన్ హాలు గుమ్మం దగ్గర ఫోన్ మళ్ళీ టింగుమంది, ఆగకుండా. అపార్టుమెంటు గ్రూపు. ఆయన రాశారు: ‘మిత్రులారా, మా శ్రీమతి చదువు కారణంగా ఈ సీజను నుంచి తోట వాటాను బరువెక్కిన గుండెతో వదులుకుంటున్నాం. కుటుంబం కోసం కొన్ని త్యాగాలు తప్పవు. నేలతో మా అనుబంధం మాత్రం తెగదు.’ కింద అప్పటికే పదిమంది వరస కట్టారు. అయ్యో పొలం సారూ అని ఒకరు. మీ మనసు గొప్పది సార్ అని ఒకరు. మేడమ్ కొంచెం సర్దుకుంటే బాగుండేది అని మూడో అంతస్తు లెక్చరరుగారు. మా అత్తగారు కూడా ఆ గ్రూపులో ఉన్నారు, ఆవిడ ఒక దండం బొమ్మ పెట్టారు.

నేను ఆ గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇంటి గుట్టు బయటపెట్టకూడదని మా అమ్మ నేర్పింది, అత్తగారు దాన్ని గట్టిపరిచారు. లోపల మాస్టారు బోర్డు తుడుస్తున్నారు. వెళ్ళిపోయి కూర్చుందామనే అనుకున్నాను. కానీ కిందటేడు మార్కుల కాగితం పట్టుకుని ఆయన భుజం మీద ఏడ్చిన రాత్రి గుర్తొచ్చి, గోడ పక్కకి జరిగి నిలబడి, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాను. రెండుసార్లు చదివాను. ఎక్కడా తిట్టు లేదు, మూలుగు లేదు, ల్యాబు రిపోర్టులా ఉంది. పంపేశాను.

‘మా వాటా పని వాటా. రెండేళ్ళు ప్రతి శనివారం ఆ పని నేను చేశాను. ఈ రోజు ఉదయం ఏడుంపావుకి, ఇకనుంచి మీరు చేయాలని ఆయనకి చెప్పాను. ఏడూ ఇరవై ఆరుకి ఆయన తోట మానేశారు.’